గడ్డికి ఊపిరాడే వారం

రేవుపట్నం గోల్ఫ్ క్లబ్బులో గడ్డికి కూడా ఊపిరి కావాలని తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు కొయ్యాన తవిటయ్య, హోదా హెడ్ మాలీ. తక్కినవాళ్ళంతా సభ్యులు. గడ్డి పచ్చగా ఉంటుందన్నంత వరకు వాళ్ళకూ తెలుసు.

గోల్ఫ్ ఎరగని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకోవాలి. పెద్దమనుషులు అరమైలు దూరం నుంచి ఓ చిన్న బంతిని కొట్టుకుంటూ, పోగొట్టుకుంటూ, వెతుక్కుంటూ వచ్చి చివరికి ఒక గుంటలో వేస్తారు. ఆ గుంట చుట్టూ పెళ్ళిపందిరంత మేర చాపలా పరుచుకున్న గడ్డిని గ్రీన్ అంటారు. అలాంటి గ్రీన్లు పద్దెనిమిది. వాటి మీద బంతి జర్రున జారిపోవాలి గనక గడ్డిని రోజూ తెల్లవారేసరికల్లా కోసెయ్యాలి. తొక్కుడు మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. తొక్కగా తొక్కగా నేల బండబారి, నీరు దిగక, గాలి చొరక, వేళ్ళు పైపైనే మెలికలు తిరిగి గడ్డి చచ్చిపోతుంది. దానికి మందు చిల్లులు పొడవడం. బోలు గొట్టాలున్న మిషన్ తోలితే నేలలోంచి వేలెడేసి మట్టి కడ్డీలు ఊడివస్తాయి. వాటిని ఊడ్చేసి, చిల్లుల్లో ఇసక నింపి, నీళ్ళు పెట్టి, వారం పాటు ఎవరినీ అడుగు పెట్టనివ్వకూడదు. ఏడాదికి రెండుసార్లు ఆ పని జరిగితే చాలు, గడ్డి నిండునూరేళ్ళూ బతుకుతుంది.

ఈ పని తవిటయ్య పాతికేళ్ళపాటు ఎవరికీ చెప్పకుండా చేసుకుపోయాడు. వానాకాలంలో సోమవారాలు సభ్యులు పల్చగా వస్తారు. ఓ సోమవారం రెండు గ్రీన్లు, మరో సోమవారం రెండు, తాడు కట్టి మూసేసి కానిచ్చేవాడు. అంతా సవ్యంగానే జరిగేది గాని, ఒక ఏడు ఓ పెద్ద అధికారి బంతి మానీమానని చిల్లు అంచున తగిలి పక్కకు తిరిగింది. ఆయన ఓడిపోయాడు. ఓడిపోతే పోయాడు, తన కిందివాడి చేతిలో ఓడిపోయాడు. మర్నాడే ఫిర్యాదు వచ్చింది.

ఫిర్యాదు అందుకున్నది క్లబ్బు కార్యదర్శి ఉపద్రష్ట చిదంబరరావు గారు. రెవెన్యూ శాఖలో ముప్ఫై అయిదేళ్ళు పనిచేసి, ఒక్క కాగితం కూడా పారెయ్యకుండా రిటైరైన మనిషి. ఆయన బీరువాలోంచి తెల్లదొరల కాలం నాటి నిబంధనావళి తీయించి, దుమ్ము దులిపించి, పద్నాలుగో నిబంధన దగ్గర వేలు పెట్టారు. "మైదానమును గాని, అందలి ఏ భాగమును గాని, అధ్యక్షుడు లేక మాజీ అధ్యక్షుడు మరణించిన సందర్భమున సంతాపసూచకముగా ఏడు దినములు తప్ప, మరే కారణము చేతను మూయరాదు" అని అందులో ఉంది. వెనకటి పెనుతుఫానులో సముద్రం పన్నెండో గ్రీన్ మీదికి వచ్చిన రోజున కూడా క్లబ్బు తెరిచే ఉందని రికార్డుల వల్ల తేలింది. ఆ రోజు ఆడటానికి ఎవరూ రాలేదు, అది వేరే సంగతి.

దాంతో తవిటయ్య సోమవారాలు ఆగిపోయాయి. రెండేళ్ళు గడిచేసరికి ఏడో గ్రీన్ పాచి పట్టింది. పదకొండో గ్రీన్ మీద చినుకు పడితే చాలు కొంగలు వాలసాగాయి. కమిటీ వారు చూసి, బాధపడి, వర్షాలు వెళ్ళేలోగా గడ్డి బాగుపడకపోతే పద్దెనిమిది గ్రీన్లకూ ప్లాస్టిక్ గడ్డి పరిపించాలని తీర్మానించారు. మచ్చుకు తెచ్చిన ముక్క కార్యదర్శి గారి బల్ల మీద టీ కప్పు కింద పడి ఉండేది. ఓసారి తవిటయ్య దాన్ని వేలితో గీకి చూశాడు. చప్పుడైంది. గడ్డి చప్పుడు చెయ్యడం అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లల్లా సాకిన గడ్డిని తన కళ్ళ ముందే చుట్ట చుట్టి అవతల పారేస్తారంటే ఎవరికి మాత్రం సహిస్తుంది?

మర్నాడు కార్యదర్శి గారి గదికి వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"బాబూ, గడ్డికి ఊపిరాడ్డం నేదు. ఒక్క వారం మూసీయండి. మరేటీ అడగను."

చిదంబరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తవిటయ్యా, గడ్డి ఆరోగ్యం పట్ల ఈ కార్యాలయానికి పూర్తి సానుభూతి ఉంది. అయితే మూసివేతకు నిబంధనలో ఒకే ఒక్క కారణం చూపబడింది. కాబట్టి గడ్డికి ఊపిరాడాలంటే ముందు ఎవరో ఒకరికి ఊపిరి ఆగాలి. ఇది నా అభిప్రాయం కాదు, నిబంధన."

ఆ నిబంధనేదో మార్చకూడదా అని అడిగాడు తవిటయ్య. మార్చవచ్చునన్నారాయన. సవరణల ఉపసంఘం వెయ్యాలి, అది సిఫారసు చెయ్యాలి, సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల మంది మేలుకుని ఉండగా అది నెగ్గాలి. నిబంధనావళిలోంచి 'చక్రవర్తి' అన్న ఒక్క మాట తీసెయ్యడానికి క్రితంసారి పందొమ్మిదేళ్ళు పట్టిందట. తవిటయ్య లెక్క వేసుకున్నాడు. అప్పటికి తను ఉండడు, గడ్డీ ఉండదు.

చిదంబరరావు గారు దయలేని మనిషి కాదు. పని నిబంధనకు లోబడి జరిగేటట్లయితే ఎంత దూరమైనా వెళ్ళే మనిషి. ఆ సాయంత్రమే 'సంభావ్య సంతాపములు' అని ఒక ఫైలు తెరిచారు. వెనకటి మాజీ అధ్యక్షులు చుట్టలు కాల్చి, రాత్రిళ్ళు పేకాడి, క్లబ్బుకు అవసరమైనప్పుడల్లా పోతూ ఉండేవారు. ఇప్పటివాళ్ళు కొర్రన్నం తిని, ఉదయమే నడిచి, ప్రాణాయామం చేసి, ఏళ్ళ తరబడి క్లబ్బుకు ఒక్క సెలవు కూడా ఇవ్వలేదు. బతికున్న మాజీలు నలుగురు. నలుగురికీ ఉత్తరాలు వెళ్ళాయి. మైదాన నిర్వహణ ప్రణాళిక నిమిత్తం తమ ఆరోగ్య పరిస్థితిని ఆరు నెలలకొకసారి తెలియజేయవలసిందిగా అందులో సవినయంగా కోరారు. ఒకరు శీర్షాసనం వేసిన ఫోటో పంపారు. ఒకరు రక్తపరీక్ష కాగితాలు పంపారు, అన్నీ దివ్యంగా ఉన్నాయి. మూడో ఆయన జవాబు ఫైల్లో పెట్టదగింది కాదు.

నాలుగో ఆయన దాట్ల సీతాపతిరాజు గారు. తొంభై ఒకటో ఏడు నడుస్తున్న మనిషి, ఊళ్ళోనే ఉంటారు. రోజూ ఉదయం తొమ్మిది గుంటలు ఆడి, రెండిడ్లీలు తిని ఇంటికి వెళతారు. ఉత్తరం వచ్చిందని చెబితే, "బాగానే ఉన్నానని రాసుకోండి" అని నవ్వేశారు.

జులైలో రాజుగారికి దగ్గు పట్టుకుంది.

క్లబ్బులో ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. ఇసక మాత్రం రెండు లారీలు దిగింది. చిల్లుల మిషన్‌కు నూనె పెట్టారు. జెండా కిందికి దించితే మధ్యలో చిక్కుకోకుండా కొత్త తాడు వేశారు. చిదంబరరావు గారు సంతాప తీర్మానం మూడు భాషల్లో టైపు చేయించి, తేదీ దగ్గర ఖాళీ ఉంచారు. ఏనాడూ రాజుగారిని పలకరించని సభ్యులు కూడా ఆయన దగ్గర ఆగి, రాత్రి నిద్ర పట్టిందా అని ఆప్యాయంగా అడగసాగారు. పట్టిందంటే వాళ్ళ మొహాలు కాస్త చిన్నబోయేవి.

తవిటయ్య అవస్థ మరీ ఘోరం. పొద్దున్నే గేటు దగ్గర రాజుగారి కారు చప్పుడు వినబడగానే మనసు ఒక్క క్షణం ఉసూరుమనేది. ఆ వెంటనే అతనికి సిగ్గు ముంచుకొచ్చేది. పెళ్ళాం పురిటికి కారిచ్చి పంపిన మనిషి, పండక్కి పేరు పెట్టి పిలిచి బట్టలిచ్చిన మనిషి, ఆయన దగ్గు తను చెవి ఒగ్గి వినడమేమిటి? నాలుగు రోజులు ఇలా సతమతమై, అయిదో రోజు ఇంట్లో పెళ్ళాం నరసమ్మ చేత మిరియాల కషాయం కాయించి, చెంబుతో పట్టుకెళ్ళి రాజుగారి చేత దగ్గరుండి తాగించాడు. మూడు పూటలకి దగ్గు మాయమైంది. ఆ వారం కురిసిన వానకి రెండు లారీల ఇసకా కొట్టుకుపోయింది.

కార్యదర్శి కార్యాలయం నుంచి తవిటయ్యకు మెమో వచ్చింది. మైదాన నిర్వహణ కార్యక్రమం తుది దశలో ఉండగా, దానికి భంగం కలిగించే రీతిలో, ముందస్తు అనుమతి లేకుండా కషాయం సరఫరా చేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలని అందులో ఉంది. తవిటయ్యకు చదువు రాదు. ఆ కాగితం పట్టుకుని ఏడో గ్రీన్ పక్కన దిగాలుగా కూర్చుని ఉంటే రాజుగారే వచ్చి, తీసుకుని, చదివారు. రెండోసారి కూడా చదివారు. తర్వాత, ఇదేమిటో చెప్పమన్నారు. తవిటయ్య తల దించుకుని, పద్నాలుగో నిబంధన దగ్గర్నుంచి ప్లాస్టిక్ ముక్క దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. గేటు దగ్గర కారు చప్పుడు విని తన మనసు ఉసూరుమన్న సంగతి కూడా దాచలేదు. చెప్పి ఏడ్చాడు.

రాజుగారు చేతికర్ర కొన గ్రీన్ మీద ఆనించి గట్టిగా నొక్కారు. గచ్చు మీద నొక్కినట్టే ఉంది.

"ఒరే తవిటా, నేను పోతే నీకెన్ని రోజులు దొరుకుతాయి?"

"ఏడు బాబూ."

"సరిపోతాయా?"

"పన్నెండు మందిమీ పగలంతా పడితే సరిపోతాది. అలాటి మాటనకండి బాబూ."

"ఆగస్టులో పోనా, సెప్టెంబర్లోనా? గడ్డికేది మంచిది?"

"సెప్టెంబరే మేలండి," అనేసి తవిటయ్య నాలిక కరుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే రాజుగారు కమిటీకి దరఖాస్తు పెట్టుకున్నారు. మైదానం శ్రేయస్సు దృష్ట్యా సెప్టెంబరు ఒకటో తేదీ ఉదయం ఆరు గంటలకు తాను మరణించినట్లు భావించి, లభించవలసిన సంతాపాన్ని మంజూరు చేయవలసిందని రెండు ప్రతుల్లో రాసి సంతకం పెట్టారు.

కమిటీలో గంటన్నర చర్చ జరిగింది. సభ్యుడైన ఓ డాక్టరు, క్రితం రోజే బీపీ చూశానని, ఈ దరఖాస్తుకు వైద్యపరమైన ఆధారం లేదని అభ్యంతరం చెప్పాడు. మరొకరు, ఇలా ఒప్పుకుంటూ పోతే రేపు ఎవరు పడితే వాళ్ళు పోతారన్నారు. అప్పుడు చిదంబరరావు గారు లేచారు. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసు ఆయన గొంతులో పలికింది.

"మన ప్రభుత్వంలో నోషనల్ ప్రమోషన్ అని ఉంది. ఏనాడూ కూర్చోని కుర్చీలో కూర్చున్నట్లు భావించి ఉత్తర్వులిస్తాము. కూర్చోనివాడు కూర్చున్నట్లు భావించవచ్చునంటే, పోనివారు పోయినట్లు భావించడానికి ఆటంకమేమిటి? దరఖాస్తుదారు స్వయంగా కోరుతున్నారు. రెండు ప్రతులూ సక్రమంగా ఉన్నాయి."

సీతాపతిరాజు గారి నోషనల్ మరణం ఏకగ్రీవంగా మంజూరైంది.

సెప్టెంబరు ఒకటిన జెండా సగానికి దిగింది. కొత్త తాడు బాగా పనిచేసింది. గేటుకు నల్ల బట్ట కట్టారు. సాయంత్రం సంతాపసభకు రాజుగారు ఇస్త్రీ బట్టలు వేసుకుని పది నిమిషాలు ముందే వచ్చారు. దండ వేసిన తన ఫోటోకు ఎదురుగా మొదటి వరసలో కూర్చుని, వక్తలు తారీకులు తప్పు చెప్పినప్పుడల్లా చెయ్యెత్తి సరిచేశారు. ఆయన లేని లోటు పూడ్చలేనిదని ఒకాయన గొంతు పూడుకుపోయి కూర్చుంటే, మంచినీళ్ళ గ్లాసు అందించింది కూడా ఆయనే. రెండు నిమిషాల మౌనం పాటించేటప్పుడు తాను నిలబడాలా కూర్చోవాలా అని ఆయన మెల్లగా అడిగారు. నిబంధనావళిలో అందుకు ఏర్పాటు లేదని కార్యదర్శి గారు విచారం వెలిబుచ్చారు. రాజుగారు సగం లేచి ఆగారు.

ఆ వారమంతా తవిటయ్యకు పండగే. పన్నెండు మంది మాలీలూ చీకటితో మొదలుపెట్టి పొద్దుగుంకేదాకా పడ్డారు. మిషన్ దడదడలాడుతూ కదిలితే వెనకాల మట్టి కడ్డీలు మినపవడియాల్లా బారులు తీరి పడేవి. ఏడో గ్రీన్ లోంచి వచ్చిన మట్టి నల్లగా ఉండి, కుళ్ళు వాసనేసింది. తవిటయ్య ఒక్కో చిల్లులోకీ వేలు పెట్టి చూసి, ఇసకను అరచేత్తో నిమిరి నింపాడు. రాజుగారు రోజూ కుర్చీ వేయించుకుని కంచె బయట కూర్చుని చూసేవారు. చనిపోయినవారు లోపలికి రాకూడదని ఎవరూ చెప్పలేదు గాని, మూసి ఉన్నప్పుడు రాకూడదని ఆయనకు తెలుసు. ఏడో రోజున, నీళ్ళు పెట్టిన గ్రీన్ గుటుక్కున ఆ నీళ్ళు మింగేసింది. తవిటయ్య ఆనందంతో కంచె దాకా పరుగెత్తుకుంటూ వెళ్ళి, "తాగీసింది బాబూ" అని చెప్పాడు.

దసరా నాటికి పద్దెనిమిది గ్రీన్లూ పట్టులా తయారయ్యాయి. ప్లాస్టిక్ ముక్క టీ కప్పు కిందే ఉండిపోయింది.

అయితే రికార్డుల్లో రాజుగారు పోయారు. పోయినవారి సభ్యత్వం ఆ రోజుతోనే రద్దవుతుంది. అక్టోబరు నుంచి ఆయన రోజూ ఎవరో ఒక సభ్యుడి అతిథిగా సంతకం పెట్టి ఆడవలసి వచ్చింది. పేరు ముందు 'కీర్తిశేషులు' అని తనే రాసుకునేవారు. ఇది చూసి తక్కిన ముగ్గురు మాజీలకూ ఉత్సాహం పుట్టింది. మార్చిలో మళ్ళీ చిల్లులు పొడవాల్సిన వారానికి మూడు దరఖాస్తులు వచ్చాయి. శీర్షాసనం ఆయన తన సంతాపసభలో ఎవరెవరు మాట్లాడాలో జాబితా కూడా జతచేశారు. ఇంతకన్నా హాయిగా సంస్థలు నడవడం అరుదు.

డిసెంబరులో అఖిల భారత పోటీలు వచ్చాయి. నాలుగు రోజుల ఆట. మొదటి రోజు సాయంత్రం ఇంట్లో టీ తాగుతూ తాగుతూ సీతాపతిరాజు గారు నిజంగానే పోయారు.

కబురు తెలియగానే తవిటయ్య పనిముట్లు కింద పడేసి కార్యదర్శి గారి గదికి వెళ్ళాడు. ఏడు రోజులు అడగలేదు. రేపు పొద్దున్న ఆయన్ని తీసుకెళతారు, ఆ ఒక్క పూట ఆట ఆపించండి చాలన్నాడు. చిదంబరరావు గారు అప్పటికే ఫైలు తిరగేసి కూర్చుని ఉన్నారు. ఆయన మొహం కూడా బాగా లేదు.

"రాజుగారి సంతాపం సెప్టెంబరులో మంజూరై, పూర్తిగా వినియోగించబడింది. ఒక వ్యక్తికి రెండుసార్లు సంతాపం ఇవ్వడానికి వీల్లేదు. పైగా, ఈ రోజు పోయిన వ్యక్తి రికార్డుల ప్రకారం సభ్యుడే కాదు, అతిథి." ఫైలు మూసి, "నేను చెయ్యగలిగింది ఏమీ లేదు తవిటయ్యా" అన్నారు.

తవిటయ్య ఇంటికి వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న దేశం నలుమూలల నుంచి వచ్చిన ఆటగాళ్ళకు ఒక విచిత్రం ఎదురైంది. ముందు రోజు జర్రున జారిన బంతి, ఇవాళ ఎంత కొట్టినా గుంట దాకా రాదు. జానెడు దూరంలో, బెత్తెడు దూరంలో ఆగిపోతోంది. ఒక్కో ఆటగాడూ, ఇంకాస్త కదులుతుందేమోనన్న ఆశతో తల వంచుకుని, టోపీ తీసి తల గోక్కుని, కదలకుండా నిలబడిపోతున్నాడు. తొమ్మిది గంటల వేళ ఏడో గ్రీన్ పక్క రోడ్డు మీదుగా రాజుగారిని సముద్రం ఒడ్డుకు తీసుకెళుతున్నప్పుడు, కనుచూపు మేరలో ఉన్న మూడు గ్రీన్ల మీదా పెద్దమనుషులు తలలు వంచుకుని నిశ్శబ్దంగా నిలబడి ఉన్నారు. పాడె వెంట నడుస్తున్న బంధువులు అది చూసి కళ్ళు తుడుచుకున్నారు. తవిటయ్య కంచె దగ్గర నిలబడి దండం పెట్టుకున్నాడు.

పదింటికి పిలుపు వచ్చింది. గదిలో నిర్వాహకులు ఇద్దరు మండిపడుతున్నారు. వాళ్ళను కూర్చోబెట్టి చిదంబరరావు గారు విచారణ మొదలుపెట్టారు. ఉదయం గ్రీన్లు కోశావా అని అడిగారు. కోయలేదన్నాడు తవిటయ్య. కారణం చెప్పమన్నారు.

"మైల, బాబూ. మైల్లో క్షవరం సెయ్యకూడదు గదండి."

నిర్వాహకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిదంబరరావు గారు నిబంధనావళి ముందుకు లాక్కుని పుట పుటా తిరగేశారు. మైదానం మూయరాదని ఉంది. మూయలేదు. గడ్డి ఎప్పుడు కోయాలో, ఎంత కోయాలో దొరలు ఎక్కడా రాయలేదు. ఆయన పుస్తకం మూసి, కళ్ళజోడు తీశారు.

"మైల ఎవరికి?"

"గడ్డికండి."

"గడ్డికి ఆయన ఏమవుతారు?"

"పోతున్న ఊపిరి నిలబెట్టిన మనిషి బాబూ. కన్నతండ్రి కాకపోతే మరేటవుతారు?"

చిదంబరరావు గారు చాలాసేపు కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నారు. తర్వాత కొత్త కాగితం తీసి, మృతునికీ గడ్డికీ గల బంధుత్వం విచారణలో రుజువైనదని, కన్నతండ్రి విషయంలో మైల పది దినములని, అంతవరకు గ్రీన్లు కోయడానికి వీలు లేదని రాసి, సంతకం చేసి, ముద్ర వేశారు. పోటీ ఇంకా రెండు రోజులుందని నిర్వాహకులు మొత్తుకున్నారు. ఆడుకోండి, మైదానం తెరిచే ఉంది అన్నారాయన.